తెల్లచార కిత్తనార: అడుగు ఆకులు మెత్తబడుతున్నాయి, పిలకల్లో ఒకటి పూర్తిగా పచ్చ, ఒకటి పూర్తిగా తెలుపు

వెన్నెలచార

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నా దగ్గర ఆకు నడుమ వెడల్పాటి తెల్లచార, రెండు అంచుల్లో నీలిపచ్చ ఉండే కిత్తనార ఉంది. కొన్నప్పుడు చీటీ మీద 'అగేవ్ అమెరికానా మీడియోపిక్టా ఆల్బా' అని రాసి ఉంది. తెచ్చి రెండేళ్లయింది. ఆరు నెలల క్రితం పెద్ద పింగాణీ కుండీలోకి మార్చాను. నీళ్లు నిలవకూడదని అడుగున నాలుగు వేళ్ల మందాన గులకరాళ్లు పరిచాను. పైన తోటమట్టి, కోకోపీట్ చెరిసగం. మూడు రోజులకొకసారి నీళ్లు పోస్తున్నాను.

ఇప్పుడు అడుగున ఉన్న మూడు ఆకులు పసుపురంగుకు తిరిగి, వేలితో నొక్కితే దిగబడేంత మెత్తగా అయ్యాయి. సాయంత్రపు ఎండ తగిలే వైపు తెల్లచారల మీద గోధుమరంగు మచ్చలు కూడా వచ్చాయి.

ఇంకో సంగతి సమస్యో కాదో తెలియదు. మొక్క పక్కనే రెండు పిలకలు లేచాయి. ఒకదానికి చారే లేదు, అంతా పచ్చ. రెండోదానిలో పచ్చదనమే లేదు, పాలరాతితో చెక్కినట్టు ఉంది. ఆ తెల్లదాన్ని విడదీసి చిన్న కుండీలో పెట్టుకోవాలని నా ఆశ. పచ్చదాన్ని ఏం చేయాలో తోచడం లేదు.

నీటిబొట్టు

స్వాగతం అండీ! ఆకులు మెత్తబడ్డాయంటే మొక్కకు దాహంగా ఉందని అర్థం. పెద్ద కుండీకి మూడు రోజుల విరామం చాలా ఎక్కువ. రోజూ కొంచెం కొంచెం పోస్తూ, పది రోజులకొకసారి నత్రజని ఎక్కువగా ఉన్న ఎరువు కలిపి ఇవ్వండి. పసుపురంగు కూడా తగ్గుతుంది. నా మొక్కలన్నీ అలాగే పెంచాను.

పాతకుండీ

వెన్నెలచార గారూ, పై సలహా పాటించకండి. పాటిస్తే వారం తిరగకుండా ఈ చర్చ సంతాపసభ అవుతుంది.

దాహంతో ఉన్న కిత్తనార ఆకు మెత్తబడదు. పల్చబడుతుంది, నిలువునా ముడతలు పడుతుంది, అంచులు లోపలికి ముడుచుకుంటాయి. ముసలి ఆకు సహజంగా పోయేటప్పుడు కొన నుంచి ఎండుతూ వచ్చి కాగితంలా గలగలమంటుంది. మొదలు దగ్గర పసుపు, గాజులా లోపలిది కనిపించే తడి, నొక్కితే దిగబడటం ఉన్నాయంటే కుళ్లు మొదలైందని అర్థం.

ఈ రోజే నాలుగు పనులు చేసి చెప్పండి. మొవ్వును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదపండి, గట్టిగా ఉందో ఊగుతోందో చూడండి. మొదలు దగ్గర వాసన చూడండి. ఒక పొడి పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి అరగంట తర్వాత తీయండి. చివరగా అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. ఫలితం తెలిసేదాకా ఒక్క చుక్క నీరు కూడా వద్దు.

ముళ్లబాధితుడు

మొవ్వు కదిపేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. నేను సరదాకు చెప్పడం లేదు.

వెన్నెలచార

మొవ్వు గట్టిగానే ఉంది, ఊగలేదు. దుర్వాసన లేదుగానీ ముక్కిపోయిన వాసన కొద్దిగా ఉంది. నీళ్లు పోసి ఐదు రోజులైంది, అయినా పుల్ల కింది సగం తడిగా వచ్చింది, దానికి నల్లటి మట్టి అంటుకుంది. రంధ్రం తెరిచే ఉంది. అడుగున అన్ని రాళ్లు వేసినా తడి ఎందుకు ఆరలేదు?

సూక్ష్మదర్శిని

రాళ్లు వేయడం వల్లే ఇంకా ఎక్కువ నిలిచింది.

వంటింట్లో స్పాంజి ఉంటే నీళ్లలో ముంచి అడ్డంగా, పడుకోబెట్టినట్టు పట్టుకోండి. కారడం ఆగేదాకా చూసి, దాన్నే నిలువుగా తిప్పండి. మళ్లీ నీరు కారుతుంది. సన్నని రంధ్రాలున్న పదార్థం తన అడుగుభాగంలో కొంత ఎత్తు వరకు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ ఎత్తు పదార్థాన్ని బట్టి ఉంటుందిగానీ కుండీ లోతును బట్టి కాదు. మట్టిలోని సన్నటి రంధ్రాల నుంచి రాళ్ల మధ్య పెద్ద ఖాళీల్లోకి నీరు తేలిగ్గా దిగదు, మట్టి పూర్తిగా నానాకే కారుతుంది. అంటే మీరు కుండీ అడుగున ఉండాల్సిన తడి పొరను నాలుగు వేళ్లు పైకి, వేర్ల దగ్గరికి జరిపారు. రాళ్లు వేయాలంటే అడుగున కాదు, మట్టిలో కలపాలి.

పైగా మెరుగు పెట్టిన పింగాణీ పక్కల నుంచి తడిని వదలదు. మట్టి కుండీ అయితే గోడలు కూడా ఆవిరిని బయటికి పంపుతాయి.

నీటిబొట్టు

పాతకుండీ గారి మాట తీరు కొంచెం తగ్గిస్తే బాగుంటుంది. నా కిత్తనారలకు ఆరేళ్లుగా నీళ్లు ధారాళంగా పోస్తున్నాను, ఒక్కటీ చావలేదు. అది కూడా అనుభవమే కదా?

పాతకుండీ

అనుభవమే. మీ మొక్కలు నేలలో ఉన్నాయా, కుండీలోనా? చారలవా, మామూలు పచ్చవా?

నీటిబొట్టు

నేలలో. రాళ్లు ఎక్కువగా ఉన్న గట్టు మీద. పచ్చవే.

పాతకుండీ

అదీ సంగతి. ఏటవాలు రాతినేలలో ఉన్న పచ్చ కిత్తనారకు మీరు ఎంత పోసినా గంటలో దాటిపోతుంది. ఆ నీళ్లనే పింగాణీ కుండీలో, కోకోపీట్‌లో, తెల్లచార మొక్కకు పోస్తే ఇలా అవుతుంది. మాట తీరు విషయంలో మీరన్నది నిజమే, సంతాపసభ అనకుండా ఉండాల్సింది.

సూక్ష్మదర్శిని

చారల మొక్క అని వేరుగా చెప్పడానికి కారణం ఉంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఆకులో తెల్లగా కనిపించే చోట పత్రహరితం లేదు. అంటే అక్కడ ఆహారం తయారు కాదు. పచ్చ అంచులు సంపాదిస్తే నడుమ చార కూర్చుని తింటుంది. అందుకే అచ్చంగా ఇదే జాతికి చెందిన పచ్చ మొక్క ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తుకు పోతే, తెల్లచారది మీటరు దగ్గర్లోనే ఆగుతుంది, అక్కడికి చేరడానికీ ఏళ్లు తీసుకుంటుంది. సంపాదన తక్కువ కాబట్టి నీటి వాడకమూ తక్కువే.

కిత్తనారలు మామూలు మొక్కల్లా పగలు పత్రరంధ్రాలు తెరవవు. రాత్రి చల్లబడ్డాక తెరిచి, బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుని, పగలు తలుపులు మూసుకుని ఆ నిల్వతో వంట చేసుకుంటాయి. నీరు ఆదా చేయడానికి పుట్టిన పద్ధతి అది. అలాంటి మొక్కకు నీళ్లు ఎక్కువైనప్పుడు వదిలించుకునే దారి తెలియదు.

మచ్చల సంగతి కూడా ఇందులోనే ఉంది. ఎండ ఎక్కువైనప్పుడు కాపాడే వర్ణకాలు తెల్ల భాగంలో చాలా తక్కువ. కాబట్టి ముందు కాలేది చారే. మీ మచ్చలు ఎండ తగిలే వైపే ఉన్నాయన్నారు. అవి పెరుగుతున్నాయా, వచ్చినంతలో ఆగిపోయాయా?

వెన్నెలచార

ఆగిపోయాయి. పెద్ద కుండీలోకి మార్చిన వారానికే వచ్చాయి. అంతకుముందు మొక్క వరండా లోపల ఉండేది.

పాతకుండీ

అయితే ఎండదెబ్బే. నీడ నుంచి తెచ్చి నేరుగా ఎండలో పెట్టారు. ఎలాంటి కిత్తనార అయినా కాలుతుంది. మొదటి వారం ఉదయపు ఎండ రెండు గంటలు, తర్వాత వారం వారం కాస్త పెంచుతూ నెలన్నరలో అలవాటు చేయాలి. తెల్లచారకైతే అలవాటయ్యాక కూడా వేసవిలో నడిమధ్యాహ్నం తర్వాత పల్చని నీడవల ఉంటే మంచిది.

అలాగని చీకట్లో పెట్టకండి. వెలుగు చాలకపోతే ఆకులు సాగి, పల్చబడి, విచ్చిపోయి వాలిపోతాయి. కాలిన మచ్చ గానీ సాగిన ఆకు గానీ తిరిగి బాగుపడదు. కొత్త ఆకులు వచ్చి వాటిని కిందికి నెట్టేదాకా చూస్తూ ఉండాల్సిందే.

అంచుపసుపు

మచ్చల్లో ఒక రకం గురించి జాగ్రత్త చెప్పాలి. ఎండదెబ్బ మచ్చ పొడిగా, లేత గోధుమరంగులో, ఎండవైపే ఉంటుంది. ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులు మచ్చ లోపలికి కుంగుతుంది, రోజురోజుకూ వలయాలుగా పెరుగుతుంది, తేమ ఉన్నప్పుడు దాని మీద నారింజ ఎరుపు జిగట చుక్కలు కనిపిస్తాయి. ఆకుల మీద నీళ్లు చల్లేవారికి, మొక్కల్ని ఇరికించి పెట్టేవారికి ఎక్కువగా వస్తుంది. అది కనిపిస్తే ఆకును మొదలంటా కోసి పారేయండి, కత్తిని స్పిరిట్‌తో తుడవండి.

ఆకు మీద మరో ఆకు ముళ్ల వరుస అచ్చు గుద్దినట్టు కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. మొవ్వులో ఒకదాన్నొకటి నొక్కుకుని ఉన్నప్పుడు పడిన ముద్ర అది. నేను మొదట్లో దాన్ని తెగులనుకుని మందు కొట్టాను! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ మందుకు ఆకుల మీది బూడిదపూత పోయి మొక్క వెలవెలబోయింది.

కొత్తచిగురు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకూ చారల మొక్క కావాలి. ఎవరైనా ఒక ఆకు పంపితే నాటుకోవచ్చా? స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క నాటితే వేర్లు వచ్చాయి.

సూక్ష్మదర్శిని

కిత్తనార ఆకు నాటితే కుళ్లడం తప్ప ఏమీ జరగదు. మొగ్గ ఉండేది కాండంలో, ఆకులో కాదు. పిలక కావాలి, లేదా పూకాడ మీద పుట్టే చిట్టి మొక్క, అంటే లఘులశునం కావాలి. బడిలో శాకీయ ప్రత్యుత్పత్తి పాఠంలో లఘులశునాలకు ఉదాహరణగా చదివిన మొక్క ఇదే.

మీరు స్నేక్ ప్లాంట్ గురించి చెప్పడం మంచిదైంది. పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క నాటితే వచ్చే పిల్లకు పసుపు అంచు ఉండదు, గమనించారా? వెన్నెలచార గారి రెండు పిలకల చిక్కుముడి కూడా అక్కడే విడిపోతుంది.

చార అనేది ఆకుకు పూసిన రంగు కాదు. మొక్క కొనలో పెరిగే భాగం పొరలు పొరలుగా ఉంటుంది. ఈ మొక్కలో ఒక పొర కణాలు పత్రహరితం చేయగలవు, మరో పొర కణాలు చేయలేవు. ఒకే మొక్క ఒంట్లో రెండు రకాల కణజాలం కాపురం చేస్తోందన్నమాట. శాస్త్రంలో దీన్ని కైమీరా అంటారు. అంచులు బయటి పొర నుంచి, నడుమ లోపలి పొర నుంచి ఎక్కువగా ఏర్పడతాయి. బయట పచ్చ, లోపల తెలుపు అయితే తెల్లచార నడుమ వస్తుంది. అమరిక తలకిందులైతే అంచు తెల్లగానో పసుపుగానో వస్తుంది.

పిలక పుట్టేటప్పుడు మొగ్గలోకి రెండు పొరలూ వరుస తప్పకుండా వస్తే తల్లిలాంటి పిల్ల. పచ్చ పొర లోపలికి చొచ్చుకుపోయి అంతా తానే అయితే పచ్చ పిల్ల. తెల్ల పొర బయటికి వచ్చేస్తే తెల్ల పిల్ల. స్నేక్ ప్లాంట్ ఆకు ముక్కలో కొత్త మొగ్గ లోపలి పచ్చ కణాల నుంచే పుడుతుంది, అందుకే అంచు పోతుంది. విత్తనాలు వేసినా చార నిలవదు. చారను కాపాడుకోవడానికి ఉన్న నమ్మకమైన దారి చారతో పుట్టిన పిలకను విడదీసుకోవడమే.

వెన్నెలచార

ఎంత బాగా చెప్పారండీ! అయితే నా తెల్ల పిలక...

సూక్ష్మదర్శిని

దానికి సొంత సంపాదన సున్నా. నేల కింద తాడులాంటి కాండం ద్వారా తల్లి పంపే ఆహారంతోనే బతుకుతోంది. విడదీస్తే లోపల ఉన్న నిల్వ ఉన్నంతకాలం ఉంటుంది. కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. తర్వాత పోతుంది. ఏ ఎరువూ, ఏ వెలుగూ దాన్ని నిలబెట్టలేవు.

పాతకుండీ

తల్లి కోలుకోవాలంటే తెల్లదాన్ని కూడా తీసేయడమే మేలని నా అభిప్రాయం. జబ్బుపడిన తల్లి మీద కూర్చుని తినే బిడ్డ అది. పచ్చదాన్నయితే రెండో ఆలోచన లేకుండా తీసేయాలి. అది తల్లికన్నా రెండింతల వేగంతో పెరుగుతుంది. నాలుగేళ్లలో కుండీ దానిదైపోతుంది, తెల్లచార దాని నీడలో మిగులుతుంది.

అంచుపసుపు

తీసేయమనండి, పారేయమనకండి. పచ్చ పిలక అంటే అసలు కిత్తనార. దాని నీలిబూడిద రంగు, దాని నిబ్బరం ఈ చారల వాటిలో ఎక్కడున్నాయి? నా మొదటి పసుపు అంచు మొక్కకు వచ్చిన పచ్చ పిలకను వేరే చోట నాటాను. ఈ రోజు నేను అందరికీ ముందు చూపించేది దాన్నే.

ఇంకో మాట. పచ్చ పిలక మొదలు దగ్గర ఆకుల్ని కొంచెం విప్పి చూడండి. ఎక్కడైనా దారమంత తెల్ల గీత ఉంటే తొందరపడకండి. ఒక్కోసారి ఆ గీత తర్వాతి ఆకుల్లో వెడల్పవుతుంది.

పాతకుండీ

ఒక్కోసారి. పదిలో తొమ్మిదిసార్లు ఆ గీత కూడా మాయమవుతుంది.

అంచుపసుపు

పదో దానికోసమే కదండీ ఈ పిచ్చి.

నిదానం (నిర్వాహకులు)

చర్చ బాగుంది. మొక్క ఇంకా తడిమట్టిలోనే ఉంది. ముందు దాన్ని బయటికి తీసే సంగతి చూడండి.

పాతకుండీ

అవును. వెన్నెలచార గారూ, పద్ధతి ఇది. పొడుగు చేతుల చొక్కా, దళసరి తోలు తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. మొక్కను పాత దుప్పటితో చుట్టి, కుండీని పక్కకు పడుకోబెట్టి లాగండి. పాత మట్టి మొత్తం విదిల్చేయండి. తెల్లగా, గట్టిగా ఉన్న వేర్లు ఉంచండి. గోధుమరంగులో ఉండి పైతోలు జారిపోయేవి కత్తిరించండి. మెత్తబడిన ఆకులను ఒక్కొక్కటే మొదలంటా తీసేయండి. కాండం కోసిన చోట లోపల తెల్లగా కనిపించేదాకా కొయ్యాలి, గోధుమరంగు మిగిలితే కుళ్లు మిగిలినట్టే. తర్వాత గాలి తగిలే నీడలో ఐదు నుంచి ఏడు రోజులు అలాగే ఆరబెట్టండి. భయపడకండి, వేర్లు లేకుండా నెల రోజులున్నా ఈ మొక్క చావదు. గాయం ఆరకుండా నాటితేనే ప్రమాదం.

మట్టి మిశ్రమం: మూడింట రెండు వంతులు గరుకు పదార్థం, అంటే ప్యూమిస్, పెర్లైట్, ముతక ఇసుక, బఠానీగింజంత ఇటుక ముక్కలు, ఏది దొరికితే అది. ఒక వంతు మాగిన ఆకు ఎరువు కలిపిన మట్టి. సన్న ఇసుక వద్దు, అది సిమెంటులా బిగుసుకుంటుంది. వేర్ల ముద్దకన్నా రెండు మూడు వేళ్లు మాత్రమే వెడల్పైన మట్టి కుండీ చాలు. పొడి మట్టిలో నాటి, వారం తర్వాత మొదటి నీళ్లు.

ముళ్లబాధితుడు

దుప్పటి మంచి ఆలోచన. రసం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా పేరు ఊరికే రాలేదు.

రెండేళ్ల క్రితం ఒక పెద్ద కిత్తనార అడుగు మట్టల్ని తొందరగా వదిలించుకోవాలని విద్యుత్ రంపం తీశాను, పొట్టి చేతుల చొక్కాతో. రసం తుంపర్లుగా ముంజేతుల మీద, మెడ మీద పడింది. పది నిమిషాల్లో మంట, గంటలో దద్దుర్లు, దురద పదిరోజులు. ఆ రసంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయని, అవి చర్మంలోకి గుచ్చుకుంటాయని వైద్యుడు చెప్పాక తెలిసింది. అవి చాలవన్నట్టు చర్మాన్ని రేపే సాపోనిన్లు కూడా ఉంటాయి. కత్తితో నిదానంగా కోసుంటే ఇంత జరిగేది కాదు. రసం పడితే వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగండి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరండి.

పిల్లలు తిరిగే చోట ఆకుకొన ముల్లును గోరుకత్తెరతో చివర మాత్రం తీసేయవచ్చు. ముదురు రంగు ముల్లు భాగమే తీయాలి, పచ్చ కండలోకి పోతే అక్కడి నుంచి ఎండుతూ వస్తుంది.

వెన్నెలచార (రెండు రోజుల తర్వాత)

తీశాను. చూసి నిర్ఘాంతపోయాను.

వేర్ల నడుమ పిడికిలంత గుడ్డసంచి ఉంది! మొక్క చిన్నప్పుడు పెంచిన పీచుముద్ద, దాని చుట్టూ సన్నటి వల. అమ్మినవారు తీయలేదు, కుండీ మార్చినప్పుడు నేనూ చూడలేదు. పై మట్టి కాస్త ఆరినా ఆ ముద్ద పిండితే నీళ్లు కారాయి. కాండం అడుగు సరిగ్గా దానిమీదే కూర్చుని ఉంది, ఆ భాగమే కుళ్లింది. కుళ్లిన వేర్లు తీశాక నాలుగు మంచి వేర్లు మిగిలాయి. ఐదు ఆకులు పోయాయి. కాండం కోస్తూ కోస్తూ తెల్లగా వచ్చేసరికి చేతులు వణికాయి.

పచ్చ పిలకకు సొంత వేర్లు ఉన్నాయి, విడదీశాను. తెల్లదాన్ని విడదీయలేకపోయాను. తీసేయమన్నారని తెలుసు, మనసొప్పలేదు.

పాతకుండీ

గుడ్డసంచి! నేను అడగాల్సిన ఐదో ప్రశ్న అది, మరిచిపోయాను. కొత్తగా కొన్న ఏ రసభరిత మొక్కనైనా వేర్లు కడిగి చూసి నాటాలనేది ఇందుకే. మీరు మూడు రోజులకు కాక పది రోజులకొకసారి పోసినా ఆ ముద్ద ఆరేది కాదేమో.

తెల్లది ఉంచారంటే ఉంచారు. మీ మొక్క, మీ ఇష్టం.

నీటిబొట్టు

అయితే తప్పు పూర్తిగా నీళ్లది కాదన్నమాట. ఊరికే అంటున్నాను. నా గట్టు మీది ఉదాహరణ కుండీకి సరిపోదని ఒప్పుకుంటున్నాను. మరి నాటాక నీళ్లు ఎన్నాళ్లకొకసారి?

సూక్ష్మదర్శిని

రోజుల లెక్క వద్దు. పుల్ల అడుగుదాకా పొడిగా వచ్చాక, ఇంకో రెండు మూడు రోజులు ఆగి, రంధ్రంలోంచి కారేదాకా ఒకేసారి పోయాలి. రోజూ గుక్కెడు పోయడం అన్నింటికన్నా చెడ్డది. మొవ్వులో నీరు నిలవనివ్వకండి. చలికాలంలో మొక్క దాదాపు నిద్రలో ఉంటుంది, నెలకొకసారి కూడా ఎక్కువే కావచ్చు. ఎరువు పెరిగే కాలంలో ఒకటి రెండుసార్లు, సగం పలుచన చేసి ఇస్తే చాలు. నత్రజని దట్టిస్తే ఆకులు ఉబ్బి మెత్తబడతాయి, పురుగుకు విందు.

అంచుపసుపు

పురుగు మాట వచ్చింది కాబట్టి: పిండినల్లి ఆకు మొదళ్లలో దూదిలా కనిపిస్తే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. వేపనూనె కొడితే సాయంత్రం కొట్టి రెండు రోజులు ఎండకు దూరంగా ఉంచండి, లేకపోతే చారలు మాడతాయి. వీటికన్నా భయపడాల్సింది ముక్కుపురుగుకు. నల్లటి, పొడుగు ముక్కున్న చిన్న పెంకుపురుగు. మొదలు దగ్గర రంధ్రం చేసి గుడ్లు పెడుతుంది, వాటిలోంచి వచ్చిన పిల్లపురుగులు లోపల కాండాన్ని తింటాయి, వాటితోపాటు చేరిన సూక్ష్మజీవులు కుళ్లబెడతాయి. నిన్నటిదాకా నిటారుగా ఉన్న మొక్క ఒక్కసారిగా కూలబడుతుంది. మొవ్వు ఊగుతోందా అని పాతకుండీ గారు మొదటే అడిగింది అందుకే అనుకుంటాను. అలా కూలిన మొక్కను పెరట్లో ఉంచకూడదు. మొత్తం పెకలించి, కింది మట్టితో సహా పారేయాలి.

కొత్తచిగురు

నాకు ఒక చారల పిలక దొరికింది! ఆకులు పల్చగా, మెత్తగా, వంగినట్టు ఉన్నాయి. నడుమ తెల్లచార. ముళ్లు దాదాపు లేవు. ఇదీ మీడియోపిక్టానేనా?

పాతకుండీ

మీడియోపిక్టా నిజమేగానీ కిత్తనార కాదు. ఫర్క్రేయా ఫీటిడా అనే దాయాది. దానిలోనూ నడుమ చార రకం ఉంది, అందుకే తికమక. ఆకు పల్చన, కొన ముల్లు గట్టిగా ఉండదు, కిత్తనారకన్నా త్వరగా పెరుగుతుంది, నీళ్లు కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది, చలి ఓర్చుకోదు. మంచి మొక్కే, మోసపోయాననుకోకండి.

కొత్తచిగురు

అనుకోలేదు! ఇంకో ప్రశ్న. కిత్తనార పూస్తే చచ్చిపోతుందట కదా. వందేళ్లకు పూస్తుందన్నది నిజమేనా?

సూక్ష్మదర్శిని

చచ్చిపోవడం నిజం, వందేళ్లు అతిశయోక్తి. అమెరికానా సాధారణంగా 10 నుంచి 30 ఏళ్ల మధ్య పూస్తుంది. వెలుగు తక్కువై, కుండీలో ఇరుకుగా ఉంటే ఇంకా ఆలస్యం. మిచిగన్ విశ్వవిద్యాలయం వారి మాథై వృక్షోద్యానంలో గాజుగదిలో పెరిగిన ఒక అమెరికానా 2014లో, 80 ఏళ్ల వయసులో పూసింది. పూకాడ కప్పుకు తగులుతుంటే పైన గాజుపలక తీసి దారి ఇచ్చారు.

అదే డెస్మెటియానా అనే మరో కిత్తనార జాతిలోని పసుపు అంచు రకం 8 నుంచి 10 ఏళ్లలోనే పూసి వెళ్లిపోతుంది, వెళుతూ పూకాడ నిండా లఘులశునాలు వదిలిపోతుంది. పూత వచ్చే ముందు మొవ్వులో ఆకులు చిన్నవవుతూ, నడుమ నుంచి వెదురు కొమ్ములాంటిది లేస్తుంది. దాన్ని నరికితే మొక్క బతుకుతుందని కొందరు అనుకుంటారు. పెరిగే కొన అప్పటికే పువ్వుగా మారిపోయింది, తిరిగి ఆకులు వేయదు. నరకకుండా చూసి ఆనందించడమే మంచిది.

వెన్నెలచార (ఐదు నెలల తర్వాత)

మళ్లీ వచ్చాను. మట్టి కుండీలో నాటిన ఏడో వారానికి తల్లిని మెల్లగా లాగి చూస్తే పట్టు దొరికింది, వేర్లు వచ్చాయి. ఇప్పుడు మొవ్వు నుంచి మూడు కొత్త ఆకులు విచ్చుకున్నాయి. తెల్లచార మునుపటికన్నా సన్నంగా ఉందిగానీ శుభ్రంగా ఉంది, మచ్చ లేదు. కాలిన పాత ఆకులు అలాగే ఉన్నాయి, వాటిని చూడటం అలవాటైపోయింది.

తెల్ల పిలక బతికే ఉంది. బొటనవేలంత పెరిగి ఆగిపోయింది. కొనలు కొద్దిగా ఎండుతున్నాయి. ఇంటికి వచ్చిన వాళ్లందరూ తల్లిని వదిలేసి దాన్నే చూస్తున్నారు.

అసలు చెప్పాలనుకున్నది పచ్చ పిలక గురించి. అంచుపసుపు గారు చెప్పినట్టు విడదీసిన రోజే ఆకులు విప్పి చూశాను, ఏ గీతా లేదు. నిన్న విచ్చుకున్న ఆకులో ఎడమ అంచుకు దగ్గరగా, మొదలు నుంచి కొన దాకా, దారమంత తెల్ల గీత ఉంది. భూతద్దంతో చూశాను. ఎండదెబ్బ కాదు, గీరుడు కాదు.

అంచుపసుపు

పదోది!!

సూక్ష్మదర్శిని

సాధ్యమే. పెరిగే కొనలో ఒక పక్క తెల్ల కణాలు కొన్ని మిగిలి ఉండాలి. ఆ పక్క నుంచి వచ్చే తర్వాతి ఆకుల మీద కన్నేసి ఉంచండి.

పాతకుండీ

నేను దారాన్ని నమ్మను. ఇంకో నాలుగు ఆకులు వచ్చాక మళ్లీ చెప్పండి. అందాకా దానికి నీళ్లు పోయకండి, మురిసిపోయి ఎక్కువ పోస్తారు.

వెన్నెలచార

ఉదయమే పోశాను.